చేపల తొట్టెకు రెండో గొట్టం

అరవైల చివర్లో నేను పొందూరు హైస్కూల్లో సైన్సు మేస్టర్ని. పెళ్ళి కాలేదు. ఒక మామ్మగారింట్లో ముందుగది అద్దెకు తీసుకున్నాను. నడిమి గదీ, వంటిల్లూ, పెరడూ ఆమెవి. ఆమెకు బంధువంటూ ఊళ్ళో ఎవరూ లేరు గాని, సన్ననూలు వడకడంలో ఆమె చేతిని ఎరగనివాళ్ళూ ఎవరూ లేరు.

ఆ ఊరి పత్తిపని తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. గింజ తీయకముందే పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ ఎముక మీద సూదిమొనల్లాంటి పళ్ళు బారులు తీరి ఉంటాయి. నలకా, ముడీ అన్నీ వాటికి తగులుకుని, పీచు ఒక్కతీరున సాగుతుంది. నూలు అంత సన్నగా రావడానికి మొదటి కారణం ఆ పళ్ళే. ఇటు విజయనగరంలో మా ఇంటి పెద్దలు మడికి పొందూరు పంచె తప్ప ఇంకొకటి కట్టేవారు కారు. చేపల గంప ఎదురైతే వీధి మారే మనుషులు వాళ్ళు. ఆ మడిపంచెలో ప్రతి పోగూ చేప నోట్లోంచి వచ్చిందేనని తెలిసిన రోజున నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. దొరికిన ప్రతి సభలోనూ ఆ సంగతి చెప్పాను. ఒకచోట నన్ను వేదిక మీదనుంచి దింపేశారు కూడా. వాదంలో ఓడినవాడే గొంతు పెంచుతాడని నాకు గట్టి నమ్మకం. నా గొంతు ఎప్పుడూ పెద్దదేనన్న సంగతి మాత్రం అప్పట్లో తట్టలేదు.

అద్దాల తొట్టె కట్టాలన్న ఆలోచన ఆ దవడలోంచే పుట్టింది. నా క్లాసులో వాలుగ దవడను ఎరగని పిల్లలు లేరు. ఇంట్లో అమ్మలు దువ్వుతుంటే చూసినవాళ్ళే. కాని ఆ దవడ తెరిచి మూసే చేపను నీళ్ళలో, ప్రాణంతో, పక్కనుంచి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చచ్చిన ఎముకను పట్టుకుని జీవశాస్త్రం చెప్పడం నాకు సిగ్గనిపించింది. స్కూల్లో తాళం పడే గది లేదు. అందుకని మా ముందుగదిలోనే కట్టాను.

కమ్మరి ఇనప చట్రం చేశాడు. అద్దాలు విజయనగరంలో కొని, ఎండుగడ్డి చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అడుగున నల్లబండ. సందులకు కిటికీ అద్దాలకు పెట్టే లప్పం. నిలవనీళ్ళలో చేపకు ఊపిరి ఆడదు కాబట్టి, పైన అటక అంచున ఒక పీపా పెట్టి, దాని కుళాయిలోంచి సన్నని ధార తొట్టెలో పడేట్టు చేశాను. పడే ధార తనతోపాటు గాలిని తీసుకుపోతుంది. వచ్చిన నీరు పోవడానికి అడుగు బండకు చిల్లు వేయించి, అందులో ఒక ఇత్తడి గొట్టం నిలువుగా బిగించాను. గొట్టం మూతి ఎంత ఎత్తుందో, నీళ్ళు అక్కడిదాకా నిలుస్తాయి. మించినవి గొట్టంలో దిగి, గోడ అవతల పెరట్లో అరటిమొక్కలకు పోతాయి. పొద్దున్నే బావినీళ్ళు తోడి పీపా నింపితే సాయంత్రందాకా నడిచేది. చేప దూరకుండా గొట్టం మూతికి సన్నటి ఇత్తడి వల బిగించాను. ఆ వలంటే నాకు మహా గర్వం.

"ఏటి బాబూ, ఇంట్లో ఏరెట్టినావు?" అంది మామ్మ, మొదటిరోజు ధార చప్పుడు విని.

నాగావళిలో వలవేసేవాళ్ళు వేలెడంత వాలుగను తెచ్చి ఇచ్చారు. తోడుగా నాలుగు చిట్టి పరిగె చేపల్ని వేశాను. మూడోరోజుకు పరిగెలు లేవు. పిల్లలకు అదే మొదటి పాఠమైంది.

రెండో పాఠం నాకు. వీధిలోని ఆడవాళ్ళు చేపను చూడడానికి వచ్చి, వెళ్ళేముందు ఒక చామంతో, గుప్పెడు మరమరాలో నీళ్ళలో వేసి దండం పెట్టేవారు. మత్స్యావతారమట! నేను అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి తగిలించాను: "ఇది చేప. దేవుడు కాదు. పూలు వేయరాదు." మర్నాటికి ఆ అట్టకే ఎవరో బొట్టు పెట్టారు.

ఆ ఏడు మామ్మకు ఒక పట్టుదల ఉండేది. ఆమె కళ్ళకు శుక్లాలు కమ్ముతున్నాయి. రాట్నం ముందు కూర్చుంటే పోగు కనిపించక, వేళ్ళతోనే ఆనవాలు పట్టేది. పూర్తిగా మసకబారేలోగా, ఒక్క పంచెకు సరిపడా నూలు, తాను ఎన్నడూ వడకనంత సన్నంగా వడకాలని ఆమె కోరిక. అందుకు ఎర్ర కొండపత్తి ఏరి తెప్పించుకుని, చలికాలమంతా తానే దువ్వి, ఏకి, వడకడానికి వేలెడేసి ఏకులు చుట్టింది. వాటిని ఎండిన అరటిపట్టల్లో పొదిగి, తట్టలో పెట్టి, నడిమి గదిలో నేలమీద ఉంచింది. అటక మీద ఎలుకలు. వంటింట్లో పొగ. చల్లటి నేల మీదైతేనే ఏకు బిరుసెక్కదు. ఆ నడిమి గది నా గదికన్నా ఒక మెట్టు పల్లం.

ఒక సాయంత్రం నేను బడినుంచి వచ్చేసరికి మామ్మ చీర ఎగదోపుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తొట్టె నిండి, అద్దం అంచు మీదనుంచి నీళ్ళు పొర్లి, మెట్టు దిగి నడిమి గదిలోకి పోయాయి. తట్టలో అడుగు వరస తడిసిపోయింది. తడిసిన ఏకు ముద్దకడుతుంది. ఆరబెడితే ఆరుతుంది గాని, మళ్ళీ సన్నపోగు రాదు. పక్కిళ్ళ ఆడవాళ్ళు నలుగురు చీపుళ్ళతో నీళ్ళు గెంటుతున్నారు.

"సూడు బాబూ, నీ సేప నా పత్తి తాగీసింది," అంది మామ్మ.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నా మీద కాదు. "మామ్మా, ఇది చేప చేసింది కాదు, నేను చేసిందీ కాదు. ఈ పూలు! ఈ మరమరాలు! గొట్టం మూసుకుపోయింది ఈ మూఢభక్తి వల్ల!" అని మొదలుపెట్టి, చీలమండల లోతు నీళ్ళలో నిలబడి, విగ్రహారాధన దగ్గర ఆరంభించి పురాణాల మీదుగా జాతకాల దాకా వెళ్ళాను. ఆడవాళ్ళు చీపుళ్ళు ఆపి విన్నారు.

"ఉపన్యాసం తరవాత సెప్పుదువు గాని," అంది మామ్మ, "ముందు గోనెసంచి ఎట్టి తుడు."

తుడిచాను. తుడుస్తున్నంతసేపూ ఆమె తడిసిన ఏకుల్ని ఒక్కొక్కటే విప్పి పక్కన పెడుతూ ఉంది. చివరికి అంది: "మిగిల్నవి సరిపోతాయి. ఒక్క పంచెకి సరిగ్గా సరిపోతాయి. ఇంకొక్కపాలి నీళ్ళు ఈ మెట్టు దిగినాయంటే, సేపని ఏట్లో ఒగ్గీసి, నువ్వు ఏరే ఇల్లు సూసుకో."

ఒక దారి మూసుకుంటే నీటికి ఇంకో దారి ఉండాలి. అది అర్థం కావడానికి సైన్సు మేస్టరు అక్కర్లేదు. మర్నాడే పాత సైకిలు ట్యూబు కోసి, నీళ్ళతో నింపి, ఒక కొన తొట్టెలో ముంచి, ఇంకో కొన అద్దం మీదుగా కిటికీ అవతలకు వేలాడదీసి, కొబ్బరితాడుతో చట్రానికి కట్టాను. నీళ్ళు పోయే ఆ కొనను పురికొసతో బిగించి, రోజూ బడికి వెళ్ళేటప్పుడు కొంచెం వదులు చేసేవాణ్ణి.

"అద్దానికి పామేటి ఏలాడతన్నాది?" అని అడిగింది మామ్మ.

పామే నయం. మూడోరోజు ముడి జారిపోయింది. అలా పీల్చే గొట్టం ఒకసారి మొదలైతే, మునిగిన కొనకు గాలి తగిలేదాకా ఆగదు. ఇది నేను ఏటా క్లాసులో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పే పాఠం. ట్యూబు తొట్టెనంతా లాగేసింది. ఇసక మీద చేప నోరు తెరిచి కొట్టుకుంటుంటే మామ్మే చూసి, కొంగుతో పట్టి, పెరట్లో గోలెంలో వేసిందట. నేను వచ్చేసరికి ఆమె అరుగు మీద కూర్చుని ఉంది.

"నా పత్తిని ముంచినావు. సేపని ఎండబెట్టినావు. ఇంకేటి సేస్తావు బాబూ?"

సరిగ్గా ఆ వారమే రాట్నాలు చేసే వడ్రంగి ఆమె రాట్నం ఇరుసు సరిచేయడానికి వచ్చాడు. ఆమెను అత్తా అని పిలిచేవాడు, చుట్టరికం లేకపోయినా. నేను పలక మీద బొమ్మ వేసి నా అవస్థ చెప్పాను. అతను బొమ్మ చూడలేదు. తొట్టె చూశాడు.

"మొదట గొట్టం ఎందుకు మూసుకుపోనాది మేస్టారూ?"

"పూలవల్ల."

"మీరు సూసినారా?"

వాదంలో ఎదుటివాణ్ణి 'నువ్వు చూశావా' అని అడగడం నా ఆయుధం. దాంతో ఎందరో పెద్దల నోళ్ళు మూయించాను. దాన్ని నా మీదికి తిప్పినవాడు అతనొక్కడే. నేను చూడలేదు. నీళ్ళు పొర్లిన రోజు కోపంలో వల పీకి గది మూల విసిరేశాను, అంతే.

మామ్మ లేచి లోపలికి వెళ్ళి ఆ వల తెచ్చింది. ఇత్తడి కదా అని దాచిందట. దాని మీద రేకూ లేదు, మరమరమూ లేదు. తెల్లగా, దళసరిగా, ఆరిన మీగడలాంటి పొర ఒకటి అంటుకుని ఉంది. మామ్మ దాన్ని గోటితో లేపి, రెండువేళ్ళ మధ్య నలిపింది. చూడనైనా చూడలేదు.

"ఇది నా పత్తే," అంది.

నడిమి గదిలో ఆమె దువ్వి, ఏకినప్పుడల్లా లేచిన నూగు గాలిలో తేలి, నా తొట్టె నీళ్ళ మీద వాలేది. నీళ్ళు ఎటు పోతే నూగు అటు పోతుంది. నా సన్నటి వల దాన్ని పొరలు పొరలుగా పట్టి, ముద్దచేసి, తనకు తానే మూత పెట్టుకుంది. చామంతులు అంత చిన్న మూతిదాకా రానేలేదు. వాటిని రోజూ ఏరి పారేసేవాణ్ణి నేనే. ఆ మాట నాకే గుర్తులేదు.

మామ్మకు నవ్వు ఆగలేదు. "పూలకి బోర్డెట్టినావు. ఇంక పత్తికి ఒక బోర్డెట్టు బాబూ!"

ఆ సాయంత్రమే నాలుగిళ్ళకూ వెళ్ళాను. నీళ్ళు పొర్లింది మీవల్ల కాదు, నిరూపణ లేకుండా మిమ్మల్ని అన్నాను, తప్పు నాది అని చెప్పాను. పూలు కుళ్ళితే చేపకు చెరుపు, అది వేరే సంగతి అని కూడా చెప్పాను. ఒకావిడ అంతా విని, "అయితే మరమరాలు ఎయ్యొచ్చా?" అంది. ఇలాంటి ప్రశ్నకు ఏ వాదసభా నన్ను సిద్ధం చేయలేదు.

తరవాత వారం రోజులు నేనూ వడ్రంగీ ఆ తొట్టె చుట్టూ తిరిగాం. వల మళ్ళీ పెట్టలేదు. నూగు పైన తేలుతుంది కదా, నీళ్ళను పైనుంచి కాక లోపలినుంచి తీసుకోవాలని అతనన్నాడు. గొట్టానికి ఒక వెదురుబొంగు తొడిగి, బొంగు అడుగున మాత్రం గాట్లు పెట్టాడు. నీరు కిందనుంచి బొంగులోకి దూరి, లోపల పైకెక్కి, గొట్టం మూతిలో పడుతుంది. నూగు బొంగు బయట తేలుతూ ఉండిపోతుంది. దాన్ని రోజుకొకసారి చేత్తో తీసేస్తే సరి.

రెండో గొట్టం నా పట్టు. మొదటిది ఎంత బాగా కుదిరినా మూసుకుపోదని నమ్మడం భక్తే అవుతుంది. బండకు ఇంకో చిల్లు వేయించాను. మొదటిదానికన్నా లావు గొట్టం, మూతి ఒక వేలిమందం ఎత్తుగా. అన్నీ సవ్యంగా ఉన్నన్నాళ్ళూ అందులో చుక్క పడదు. మొదటిది మూసుకున్ననాడు మాత్రం నీళ్ళు ఆ వేలిమందం పెరిగి దానిలో దిగుతాయి. పీపా కుళాయి పూర్తిగా తిప్పినా అదొక్కటే మొత్తం మోయగలగాలి. ఇంకో సంగతి. అది పనిచేస్తున్నప్పుడు మనకు తెలియాలి. తెలియకపోతే, మొదటిది మూసుకుందని ఎరగక, ఉన్న ఆ ఒక్క దారి మీదే ధీమాగా ఉంటాం. అందుకని దాని రెండో కొనను పెరట్లోకి కాకుండా, అందరూ కూర్చునే వీధి అరుగు పక్క గోడలోంచి బయటికి తీశాం.

ఇక చూడడానికి ఎలా ఉంటుందన్నది మామ్మ పట్టు. నూలుకు వచ్చేవాళ్ళంతా ఆ ముందుగదిలోంచే వెళ్ళాలి. తొట్టె మూల రెండు ఇత్తడి గొట్టాలు బోడిగా నిలబడితే ఆమెకు నచ్చలేదు. వడ్రంగి రెండో గొట్టానికీ వెదురు తొడిగాడు, దీనికి పైన విశాలంగా గాట్లు పెట్టి. ఆ రెంటి చుట్టూ పొట్టీ పొడుగూ వెదుళ్ళు ఇంకో అయిదారు గుచ్చాడు. నీళ్ళలో అది ఏటి ఒడ్డున జమ్ముదుబ్బులా నిలబడింది. వాలుగ వెంటనే దానిలోకి చేరి దాక్కుంది.

"ఈ అయిదారింటికీ పనేమిటి?" అని అడిగాను. "పనిలేనిది తొట్టెలో ఎందుకు?"

"సూడ్డానికి," అంది మామ్మ. "కళ్ళకి మాత్రం పని నేదేటి బాబూ?"

కళ్ళు పోతున్న మనిషి అన్న మాట అది. అక్కరలేని వెదుళ్ళు ఉండిపోయాయి.

ఒక్కచోట మాత్రం నేను లొంగలేదు. గోడలోంచి బయటికొచ్చే కొనకు వడ్రంగి టేకుచెక్కతో చేపతల చెక్కుకొచ్చాడు. పొలుసులూ, కళ్ళూ, తెరిచిన నోరూ, ఎంతో ముచ్చటగా. నేను వద్దన్నాను.

"ఏటి మేస్టారూ, మూడు రోజులు సెక్కినాను!"

"నువ్వు చెక్కింది చేప. గోడకు పెట్టిన మర్నాడు అది దేవుడు. దాని నోట్లోంచి నీళ్ళొస్తే తీర్థం. నేను ఆ అరుగు మీద కూర్చోలేను."

"ఒరే, ఇనుకోరా. అది నీళ్ళు కక్కిన నాడు ఊరంతా సెంబులట్టుకొని వస్తాది, మేస్టరు పూజారైపోతాడు," అంది మామ్మ వడ్రంగితో. ఆ మాటకు వడ్రంగి కూడా నవ్వి, చేపతలను ఇంటికి తీసుకుపోయి, రాట్నం చక్రం మధ్యలోని గుండులా నున్నగా చిత్రిక పట్టిన కొయ్యతూము తెచ్చాడు. నూనె పట్టించి బిగించాం. మొదటి గొట్టంలో గుడ్డ కుక్కి, కుళాయి తిప్పి చూశాం. నీళ్ళు వేలిమందం పెరిగి ఆగాయి. తూములోంచి ధార పడింది. మామ్మ మెట్టు మీద కూర్చుని, అరచెయ్యి నేలకు ఆనించి, అంతసేపూ అలాగే ఉంది.

పరీక్ష పరీక్షే. ఎదురుగా నిలబడి చూసింది వేరు, ఎవరూ లేనప్పుడు జరిగేది వేరు. ఆమె ఇంకా నమ్మలేదని నాకు తెలుసు. రాట్నం తీసి వడకడం మొదలుపెట్టలేదు. ఏకుల తట్టను రోజుకు రెండుసార్లు తడిమి చూసుకునేది.

ఒక శనివారం ఆమెను కళ్ళ డాక్టరుకు చూపించడానికి శ్రీకాకుళం తీసుకువెళ్ళాను. పొద్దున్నే పీపా నింపి, ఇంటికి తాళం వేసి, బస్సెక్కాం. శుక్లం ఇంకా ముదరలేదు, ముదిరాక కోస్తాం, అంతవరకూ ఉన్న చూపుతో పని చేసుకోవచ్చు అన్నాడు డాక్టరు. మధ్యాహ్నం వెనక్కి వచ్చి వీధి మలుపు తిరిగేసరికి, మా అరుగు మీద ఆడవాళ్ళు గుంపుగా ఉన్నారు.

"బేగి రండి మేస్టరు బాబూ! మీ కర్రముక్క నీళ్ళు కారతన్నాది! రెండో బిందె ఎట్టినాము!"

తాళం తీసి లోపలికి పరుగెత్తాను. లోపల తొట్టె నిండుగా, అద్దం అంచుకు కిందనే, నిశ్చలంగా ఉంది. తరవాత వెదురు పైకి లాగి చూస్తే తెలిసింది, చేపకోసం ఏటినుంచి తెచ్చి వేసిన నాచుతోపాటు వచ్చిన నత్త ఒకటి మొదటి గొట్టం మూతిలో బిరడాలా కూర్చుంది. నూగునూ, పూలనూ తలుచుకున్నాం గాని, నత్తను ఎవరం తలుచుకోలేదు.

మామ్మ తొట్టె వంక చూడలేదు. తిన్నగా మెట్టు దిగి, నడిమి గదిలో కూర్చుని, నేలంతా అరచేత్తో నిమిరింది. మూలమూలలా నిమిరింది. తరవాత తట్టలో చెయ్యి పెట్టి, అడుగు వరసలోంచి ఒక అరటిపట్ట తీసి, విప్పి, ఏకును చెంపకు ఆనించుకుంది.

"పొడిగానే ఉన్నాది," అంది.

సోమవారం నేను బడినుంచి వచ్చేసరికి ఆమె రాట్నం నా గదిలో ఉంది. తొట్టె పక్కనే, అద్దంలోంచి వెలుతురు పడేచోట. ఏకుల తట్ట తొట్టె కాళ్ళ దగ్గరే, నేలమీద! వంగి తట్టను తీయబోయాను.

"ఇక్కడ పోగు తెగట్లేదు," అంది, తల ఎత్తకుండా.

నమ్మలేదు నేను. కొన్నాళ్ళు అక్కడా, కొన్నాళ్ళు ఇక్కడా వడకమని, తెగినప్పుడల్లా పలక మీద గీత గీశాను. ఆమె మాటే నిజం. తొట్టె దగ్గర గాలిలో చెమ్మ ఉంటుంది, చెమ్మకు పీచు మెత్తబడి సాగుతుంది అని వివరించాను.

"నాను సెప్పిందే కదేటి. నువ్వు గీతలెట్టి సెప్పినావు," అంది.

ఎండాకాలం పొడుగునా ఆమె అక్కడే వడికింది. నేను నూగు తీసేవాణ్ణి, ఆమె నూగు రేపేది. వానలు పడేవేళకు నూలు పూర్తయింది. నేతగాడు వచ్చి నూలు చిలపలను వెలుతురుకు ఎత్తి, ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూశాడు. చివరికి, "ఎవరికి మామ్మా ఈ పంచె?" అన్నాడు.

"ఎవుడు కట్టుకుంటే నాకేటి? వడికింది నాను," అంది మామ్మ. అతను వెళ్ళాక నా వైపు తిరిగి, కుళాయి ఇంకాస్త తిప్పమని చెప్పి, ముతకనూలు ఏకు ఒకటి తీసి మళ్ళీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.